ఒమెగా సెంటారి కర్నూలు మిద్దె మీది నుంచి కనిపిస్తుంది, వేళ కుదరాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. కర్నూలులో ఊరికి దక్షిణం వైపు మీ ఇల్లు. కొత్తగా 10×50 బైనాక్యులర్స్ (10 రెట్లు పెద్దది చేసి చూపేవి, ముందు కటకాలు 50 మిల్లీమీటర్లవి) కొన్నారు. ఏప్రిల్ రెండో వారంలో రాత్రి 9 గంటల ప్రాంతంలో మిద్దె ఎక్కి, ఫోన్‌లో యాప్ చూపించిన చోట ఒమెగా సెంటారి అనే గోళాకార తారాగుచ్ఛం (లెక్కలేనన్ని నక్షత్రాలు బంతిలా గుమిగూడిన ముద్ద) కోసం రెండుసార్లు వెతికారు, ఏమీ కనిపించలేదు. ఒక రోజు వెన్నెల బాగా ఉంది, రెండో రోజు ఆకాశం మసకగా ఉంది. ఇప్పుడు 8 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోప్ (నేల మీద పెట్టి చేత్తో తిప్పే సాదా రకం) కొంటే కనిపిస్తుందా, లేక మీ స్నేహితుడు అన్నట్టు లడఖ్ వెళ్తే తప్ప అది మనకు దొరకదా అని అడిగారు.

లడఖ్ మాట ముందు పక్కన పెట్టేయండి. మిగతా ఆకాశానికి లడఖ్ గొప్ప చోటే, అందులో సందేహం లేదు. కానీ ఈ ఒక్క తారాగుచ్ఛం విషయంలో మీ మిద్దె దానికంటే చాలా మెరుగు. ఒమెగా సెంటారి ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా 47 డిగ్రీల 29 నిమిషాల దూరంలో ఉంది. అది ఆకాశంలో ఎంత ఎత్తుకు ఎక్కుతుందో తెలియాలంటే 90 లోంచి ఆ 47.5ని, మీ ఊరి అక్షాంశాన్ని తీసేస్తే చాలు. కర్నూలు అక్షాంశం దాదాపు 15.8. అంటే నడి దక్షిణానికి వచ్చినప్పుడు అది మీకు 26.7 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. హైదరాబాద్‌లో 25, విశాఖలో అంతకు కాస్త తక్కువ, తిరుపతిలో 29, ఆదిలాబాద్‌లో 23 దాకా. లడఖ్‌లోని హాన్లేలో 10 డిగ్రీలు కూడా రాదు. ఢిల్లీలో 14. అమెరికాలో న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు 2 డిగ్రీలు, అంటే చెట్ల వెనకే ఉదయించి చెట్ల వెనకే అస్తమిస్తుంది. లండన్ వాళ్లకు అసలు ఉదయించదు. దానికి బదులు సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో మీ బంధువులు ఉంటే వాళ్లకు దాదాపు నెత్తి మీదికే వస్తుంది.

ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, మనం చదివే పుస్తకాలు, చూసే వీడియోలు చాలావరకు ఉత్తరాన 40, 50 డిగ్రీల అక్షాంశాల్లో ఉన్నవాళ్లు తయారు చేసినవి. గోళాకార తారాగుచ్ఛం అనగానే వాళ్లు హెర్క్యులస్ నక్షత్రమండలంలోని ఎం13 అనే గుచ్ఛాన్ని చూపిస్తారు, ఎందుకంటే వాళ్లకు కనిపించే వాటిలో అది మేలైనది. దాని ప్రకాశం 5.8 మ్యాగ్నిట్యూడ్ (వెలుగును కొలిచే అంకె, ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుగు). ఒమెగా సెంటారిది 3.9. అంటే ఇది దానికంటే 5 రెట్లకు పైగా ఎక్కువ కాంతి ఇస్తుంది, వెడల్పులోనూ చాలా పెద్దది. పాలపుంతలోని గోళాకార గుచ్ఛాల్లో దీనికి మించినది లేదు. అలాంటిది ప్రతి ఎండాకాలం మన మిద్దెల మీదుగా పోతుంటే, దక్షిణం వైపు ఏమీ ఉండదులే అనుకుని వదిలేస్తున్న వాళ్లే ఎక్కువ. నాకు బాధ అనిపించేది అదే.

సరే, మీకు ఎందుకు కనిపించలేదు? వెన్నెల, మసక రెండూ కారణాలే, కానీ అసలు కారణం వేళ. ఏప్రిల్ రెండో వారంలో కర్నూలులో రాత్రి 9 గంటలకు ఒమెగా సెంటారి ఆగ్నేయంలో కేవలం 11 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంత కింద ఉన్నదాని వెలుగు మన కంటికి చేరాలంటే, నెత్తి మీది నక్షత్రం దాటే గాలి కంటే దాదాపు 5 రెట్లు గాలిని దాటాలి. ఎండాకాలపు ధూళి, పొలాల్లో కాల్చే చెత్త పొగ, ఊరి దీపాల వెలుగు అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. ఒకటిన్నర నుంచి రెండు మ్యాగ్నిట్యూడ్‌ల దాకా కాంతి అక్కడే పోతుంది. మీకు చేరింది పావు వంతో, అంతకంటే తక్కువో. అదే రాత్రి మీరు 12.30 దాకా ఆగి ఉంటే 26.7 డిగ్రీల ఎత్తుకు వచ్చేది, దాటాల్సిన గాలి రెండు రెట్లకు కాస్త పైన మాత్రమే. అదే బైనాక్యులర్, అదే మిద్దె, అదే కన్ను. 8 అంగుళాల టెలిస్కోప్ తెచ్చి 11 డిగ్రీల ఎత్తులో పెట్టి చూసినా మీకు మిగిలేది నిరాశే.

కాబట్టి అది నడి దక్షిణానికి వచ్చే వేళ గుర్తుపెట్టుకోండి. మార్చి మధ్యలో తెల్లవారుజామున 2.15 ప్రాంతంలో. ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రి దాటాక పావుగంటకు. మే మధ్యలో రాత్రి 10.15కి. జూన్ మొదటి వారంలో 9 లోపే. రోజుకు దాదాపు 4 నిమిషాల చొప్పున ముందుకు జరుగుతుంది, నెలకు 2 గంటలు. ఆ వేళకు అటూ ఇటూ 2 గంటలు అది 20 డిగ్రీలకు పైనే ఉంటుంది కనుక మీకు 4 గంటల సమయం చేతిలో ఉన్నట్టే.

ఇక చంద్రుడు. ఇక్కడ మన పంచాంగం బాగా పనికొస్తుంది. పున్నమి చంద్రుడు చిత్త నక్షత్రం దగ్గర ఉండే నెల కాబట్టే అది చైత్రం. ఒమెగా సెంటారి సరిగ్గా చిత్తకు కిందే, నేరుగా దక్షిణంగా ఉంటుంది. అంటే చైత్ర పున్నమి రాత్రి చంద్రుడు మన గుచ్ఛానికి సరిగ్గా పైనే నిలబడి ఉంటాడు. ఏడాది మొత్తంలో దీన్ని వెతకడానికి అంతకంటే చెడ్డ రాత్రి లేదు, మీరు వెతికిన వెన్నెల రాత్రి ఆ దగ్గరలోదే. చైత్ర అమావాస్యకు రెండు మూడు రోజులు అటూ ఇటూ చూడండి. రాత్రి 10, 12 మధ్య అది నడి దక్షిణానికి వస్తుంది, నిద్ర కూడా పెద్దగా పాడు కాదు. ఉగాది ముందు వచ్చే ఫాల్గుణ అమావాస్య కూడా మంచిదే, కాకపోతే అర్ధరాత్రి దాటాక 2 దాకా మేలుకోవాలి. వైశాఖ అమావాస్య వేళకు సాయంత్రాలే సరిపోతాయి గానీ మబ్బులు నమ్మడానికి లేదు.

మబ్బుల మాట వచ్చింది కాబట్టి: ఎండాకాలంలో సాయంత్రం గాలివాన పడి వెలిసిన రాత్రిని వదులుకోవద్దు. గాలిలోని దుమ్మంతా కడిగేసినట్టు పోతుంది. మామూలు రోజుల్లో దక్షిణాన 15 డిగ్రీల దాకా బూడిద రంగు తెరలా ఉండే చోట, ఆ రాత్రి నక్షత్రాలు కింది దాకా కనిపిస్తాయి. చాలామంది వాన పడిందని టెలిస్కోప్ మూట కట్టేస్తారు. నేనైతే ఏప్రిల్, మే నెలల్లో వాన వెలిసిన రాత్రి కోసమే ఎదురు చూస్తాను.

ఇప్పుడు ఎక్కడ ఉందో పట్టుకోవడం. యాప్ మీద ఆధారపడకండి. మిద్దె మీద ఇనుప ఊచలు, వాటర్ ట్యాంకు చట్రం, సోలార్ ప్యానెల్ స్టాండ్లు ఉంటే ఫోన్‌లోని దిక్సూచి బాగానే తప్పు చూపిస్తుంది. పైగా స్క్రీన్ వెలుగు కళ్లలో పడుతుంది. చిత్త నుంచి కిందికి మెట్లు దిగడం నేర్చుకోండి, ఇక జీవితంలో యాప్ అక్కర్లేదు.

చిత్తను పట్టుకోవడం మీకు వచ్చే ఉంటుంది. సప్తర్షి మండలం తోక వంపును అలాగే సాగదీస్తే నారింజ రంగు స్వాతి, ఇంకా సాగదీస్తే తెల్లని చిత్త. దానికి కుడివైపు కాస్త కిందగా నాలుగు చుక్కలతో హస్త. చిత్త నడి దక్షిణంలో, 63 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడే ఒమెగా సెంటారి కూడా నడి దక్షిణంలో ఉంటుంది. రెండూ దాదాపు ఒకేసారి ఆ గీత దాటతాయి. అందుకే గడియారం లేకపోయినా పర్వాలేదు, చిత్త ఎత్తు చూసి వేళ చెప్పొచ్చు.

చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చిత్త నుంచి నిటారుగా కిందికి ఒక పిడికిలి, దాని మీద కొంచెం దిగండి. 3వ మ్యాగ్నిట్యూడ్ నక్షత్రం ఒకటి దాదాపు ఒంటరిగా ఉంటుంది, అది గామా హైడ్రా. ఇది మొదటి మెట్టు, 12 డిగ్రీలు. అక్కడి నుంచి మళ్లీ అంతే దూరం, ఇంకాస్త ఎక్కువగా దిగితే ఐయోటా సెంటారి, 2.75 మ్యాగ్నిట్యూడ్. రెండో మెట్టు, పదమూడున్నర డిగ్రీలు. మూడో మెట్టు 11 డిగ్రీలు, ఐయోటా నుంచి ఒక పిడికిలికి కాస్త పైన, రవ్వంత ఎడమకు. అక్కడే ఒమెగా సెంటారి. ఈ నాలుగూ దాదాపు ఒకే నిలువు గీతలో ఉండటం మన అదృష్టం.

మీ 10×50లో ఒకేసారి ఆరున్నర డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది, ఆ గుండ్రని ముక్కనే చట్రం అంటున్నాను. ఐయోటాను చట్రం పై అంచున పెట్టి, చట్రం అడుగున ఉన్న ఏదో ఒక చుక్కను గుర్తుపెట్టుకుని, ఆ చుక్క పై అంచుకు వచ్చేదాకా దించండి. ఇప్పుడు ఒమెగా చట్రం మధ్యకు కాస్త దిగువన ఉండాలి. సరైన చోట ఉన్నారా లేదా అనేదానికి గట్టి సాక్ష్యం జీటా సెంటారి. అది ఒమెగాతో సమానమైన ఎత్తులో, ఎడమవైపు 5 డిగ్రీల దూరంలో ఉన్న రెండున్నర మ్యాగ్నిట్యూడ్ నక్షత్రం. బైనాక్యులర్ కొంచెం ఎడమకు జరిపితే రెండూ ఒకే చట్రంలో ఇముడుతాయి. ఎడమ అంచున సూది మొన లాంటి జీటా, కుడి అంచున మసక వెలుగు ముద్ద. రెంటినీ పక్కపక్కన చూస్తే నక్షత్రానికీ గుచ్ఛానికీ తేడా ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

దక్షిణం మరీ శుభ్రంగా ఉన్న రాత్రి ఇంకో దారి ఉంది. త్రిశంకు అని మనవాళ్లు పిలిచే నాలుగు నక్షత్రాల శిలువ, దానికి ఎడమగా ఆల్ఫా, బీటా సెంటారి జంట కనిపిస్తాయి. మీకు అవి 10 నుంచి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాయి. బీటా నుంచి ఎప్సిలాన్ సెంటారి మీదుగా పైకి గీత గీస్తే, దాదాపు అంతే దూరం పోయాక ఒమెగా తగులుతుంది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకు ఇదే మామూలు దారి. మనకు ఆ కింది నక్షత్రాలు దుమ్ములో మునిగే రోజులే ఎక్కువ కనుక చిత్త దారినే నేను నమ్ముతాను.

మామూలు కంటికి కనిపిస్తుందా? ఊరి వెలుతురు లేని చోట కనిపిస్తుంది. కానీ 3.9 అనే అంకె మిమ్మల్ని మోసం చేయకూడదు. అది గుచ్ఛం మొత్తం కాంతిని ఒక్క చుక్కలో పోగేస్తే వచ్చే లెక్క. నిజానికి ఆ కాంతి పున్నమి చంద్రుడంత వెడల్పున పరుచుకుని ఉంటుంది, అందుకే అదే అంకె ఉన్న నక్షత్రం కంటే మందంగా తోస్తుంది. ఒక పరీక్ష చెప్తాను. జీటా కంటికి కనిపించకపోతే ఆ రాత్రి మామూలు కంటితో ప్రయత్నించవద్దు, బైనాక్యులర్‌తోనే సరిపెట్టుకోండి. జీటాకు, ఒమెగాకు మధ్యగా కాస్త పైన మ్యూ, న్యూ సెంటారి అని పక్కపక్కన రెండు చుక్కలున్నాయి, ఒక్కొక్కటి దాదాపు 3.4 మ్యాగ్నిట్యూడ్. ఆ రెండూ విడివిడిగా తెలుస్తుంటే ఒమెగా కూడా అందుతుంది. సూటిగా కాక ఓరచూపుతో చూడండి. కంటి వెనక ఉండే రెటీనా పొర నడిమి భాగం రంగును, వివరాన్ని బాగా పడుతుంది గానీ మసక వెలుగును పట్టేది దాని చుట్టూ ఉన్న భాగం. మ్యూ, న్యూల మీద చూపు నిలిపి మనసు ఒమెగా మీద పెడితే, చూపు పక్కన ఒక మెత్తని చుక్క తేలుతుంది.

బైనాక్యులర్‌తో చూసేటప్పుడు చేతులు వణకడమే పెద్ద శత్రువు. 10 రెట్లు పెద్దది చేస్తే వణుకూ 10 రెట్లు అవుతుంది. మీకు కావాల్సిన ఎత్తు 27 డిగ్రీలే కాబట్టి పడుకోనక్కర్లేదు. మిద్దె ఉత్తరపు కొసన కుర్చీ వేసుకుని, ముందు ఇంకో కుర్చీ వీపుమీద మోచేతులు ఆనించండి. లేదా దక్షిణపు పిట్టగోడ దగ్గర నేల మీద కూర్చుని మోచేతులు మోకాళ్లకు ఆనించండి. వీధి దీపాన్ని ఆ పిట్టగోడే అడ్డుకుంటుంది. ఫోన్ జేబులో పెట్టేసి 20 నిమిషాలు చీకటిలో కూర్చున్నాక వెతకడం మొదలుపెట్టండి. ఫోకస్ జీటా మీద సరిచేసుకోండి, మసక గుచ్ఛం మీద ఫోకస్ చేయబోతే ఎప్పటికీ కుదరదు.

10×50లో మీకు విడి నక్షత్రాలు కనిపించవు, ఆ ఆశ పెట్టుకోకండి. గుచ్ఛంలోని అత్యంత కాంతిమంతమైన నక్షత్రాలే పదకొండున్నర మ్యాగ్నిట్యూడ్ దగ్గర మొదలవుతాయి, మీ బైనాక్యులర్ అంత లోతుకు పోదు. గుండ్రని, మధ్యలో కాస్త చిక్కగా, అంచుల్లో కరిగిపోయే వెలుగు కనిపిస్తుంది. రెండు మూడు నిమిషాలు చూపు తిప్పకుండా ఉంటే దాని సైజు పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. అది భ్రమ కాదు, అంచుల్లోని పలుచని వెలుగును కన్ను నెమ్మదిగా పోగుచేసుకుంటోంది.

ఇప్పుడు మీ 8 అంగుళాల డాబ్సోనియన్ సంగతి. కొనవద్దని అనను. ఈ గుచ్ఛాన్ని టెలిస్కోప్‌లో మొదటిసారి చూసిన మనిషి నోట మాట రాకపోవడం నేను చాలాసార్లు చూశాను. 4 అంగుళాల టెలిస్కోప్‌లో 80, 100 రెట్ల దగ్గర అంచులు గరుకుగా, రవ్వరవ్వగా మారతాయి. 6 అంగుళాలతో చుక్కలు విడివడటం మొదలవుతుంది. 8 అంగుళాలలో మంచి రాత్రి అయితే నల్లని నేల మీద ముగ్గుపిండి చల్లినట్టు చట్రం నిండా సన్నని చుక్కలే. మీకు విడిగా కనిపించేవి 11.5 నుంచి 13 మ్యాగ్నిట్యూడ్ దాకా ఉన్న అరుణ దైత్య తారలు, అంటే వయసు మీరి ఉబ్బిన నక్షత్రాలు. వాటి వెనక పొగలా కనిపించేది మీ టెలిస్కోప్‌కు అందని మిగతా జనాభా.

ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) విషయంలో తొందరపడి ఎక్కువ పెద్దది చేయకండి. 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న 8 అంగుళాల డాబ్సోనియన్‌కు 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 48 రెట్లు, చట్రం సుమారు ఒక డిగ్రీ. గుచ్ఛం అందులో సగానికి పైగా నిండి, చుట్టూ నల్లని ఖాళీ మిగిలి అందంగా ఉంటుంది. 15 మిల్లీమీటర్లతో 80 రెట్లు, చట్రమంతా అదే. 10 మిల్లీమీటర్లు పెడితే చట్రం దాటి పోతుంది, అప్పుడు మధ్య నుంచి అంచుకు నెమ్మదిగా జరుపుతూ చూడాలి. ఇంకో సంగతి గమనించండి. అది పూర్తిగా గుండ్రం కాదు, తూర్పు పడమరలుగా కొంచెం సాగి ఉంటుంది. ఆ గుచ్ఛం తన చుట్టూ తాను తిరుగుతుండటం దానికి ఒక కారణం. ఎం13 లాంటి వాటితో పోలిస్తే నడుమ మరీ కుక్కినట్టు ఉండదు, చిక్కదనం నిదానంగా పెరుగుతుంది.

మిద్దె మీద డాబ్సోనియన్‌కు రెండు చిక్కులున్నాయి. ఒకటి, దాని ఇరుసు నేల నుంచి రెండడుగులే ఉంటుంది. మూడడుగుల పిట్టగోడకు దగ్గరగా పెడితే 27 డిగ్రీల ఎత్తుకు వంచినప్పుడు గొట్టం మూతికి గోడ అడ్డం వస్తుంది. అద్దం సగం గోడనే చూస్తుంది, మీకు మాత్రం గుచ్ఛం మందంగా ఉందనిపిస్తుంది. గోడకు కనీసం 2 మీటర్లు వెనక్కి పెట్టండి. రెండోది వేడి. కర్నూలు ఎండలో పగలంతా కాలిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పైగా మనం చూసేది కిందుగా, పక్కిళ్ల మిద్దెల మీదుగా. ఆ వేడి గాలిలో నక్షత్రాలు ఉడుకుతున్నట్టు కదులుతాయి, విడివిడి చుక్కలన్నీ కలిసిపోతాయి. పొద్దు వాలగానే మనం పడక వేసుకోవడానికి మిద్దె మీద నీళ్లు చల్లుతాం కదా, ఆ పని కాస్త ముందే చేసి ఆరనివ్వండి. టెలిస్కోప్‌ను చూడబోయే గంట ముందే బయట పెట్టండి. అన్నిటికంటే మేలు, మట్టి నేలకు పోవడం. శ్లాబులా అది వేడిని దాచుకోదు.

ఎక్కడికి పోవాలంటే, ఊరి వెలుగు మీ వీపు వైపు ఉండేలా పోవాలి. దక్షిణపు వస్తువు చూడటానికి ఊరికి ఉత్తరాన పోయి నిలబడితే ఊరి కాంతి మొత్తం సరిగ్గా మీరు చూసే చోటే లేస్తుంది. మీకు డోన్ వైపు పోయే దారే సరైనది, హైవే దిగి ధాబాల వెలుతురు కనపడని పల్లె దారి పట్టండి. తెలిసిన వాళ్ల పొలమైతే ఇంకా మంచిది, ఎండాకాలం పాములు తిరుగుతాయి కాబట్టి ఒంటరిగా వద్దు. హైదరాబాద్ వాళ్లూ ఇదే లెక్కన శ్రీశైలం దారి వైపు దక్షిణంగా పోవాలి, ఉత్తరాన మేడ్చల్ వైపు కాదు. మన కోస్తాలో బాపట్ల దగ్గరి సూర్యలంక లాంటి చోట నేరుగా దక్షిణాన సముద్రమే ఉంటుంది, ఏ ఊరి దీపమూ ఉండదు. కాకపోతే ఉప్పు గాలి తేమ లెన్సుల మీద పేరుకుంటుంది, క్షితిజం దగ్గర తేమ తెర ఉంటుంది. చిత్తూరు వైపు హార్స్‌లీ హిల్స్‌లో ఎత్తు, అక్షాంశం రెండూ కలిసొస్తాయి, అక్కడ గుచ్ఛం 29 డిగ్రీల దాకా ఎక్కుతుంది.

మీరు కర్నూలు వాళ్లు కాబట్టి ఒక సంగతి తప్పక చెప్పాలి. ఈ వస్తువు నక్షత్రం కాదని మొదట నమోదు చేసింది ఎడ్మండ్ హేలీ, తోకచుక్కకు పేరు పడిన ఆయనే. 1677లో 20 ఏళ్ల వయసులో అట్లాంటిక్ సముద్రం మధ్య సెయింట్ హెలీనా దీవి నుంచి దక్షిణాకాశాన్ని కొలుస్తుండగా చూశాడు. ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణంగా దాదాపు 16 డిగ్రీలు. కర్నూలు ఉత్తరంగా దాదాపు అంతే. ఆయనకు అది దాదాపు 60 డిగ్రీల ఎత్తుకు వచ్చింది, మీకు 27కు. అంతకు ముందు ప్రాచీన ఖగోళవేత్త టాలమీ దీన్ని మామూలు నక్షత్రంగానే పట్టికలో రాశాడు. 1603లో నక్షత్ర పటాలు తయారు చేసిన బేయర్ ఒమెగా అనే గ్రీకు అక్షరం ఇచ్చాడు, నక్షత్రాలకు ఇచ్చే పేరు దీనికి ఇప్పటికీ ఉండిపోయింది అందుకే. టాలమీ ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి చూడగలగడానికి అయనచలనం, అంటే భూమి ఇరుసు వేల ఏళ్లలో నిదానంగా దిశ మార్చుకోవడం, సాయం చేసింది. ఆ రోజుల్లో ఇది ఇప్పటికంటే దాదాపు 10 డిగ్రీలు ఉత్తరంగా ఉండేది. అంటే రెండు వేల ఏళ్ల కిందట మన నేల మీది మనుషులకు కూడా ఇది ఇంకా ఎత్తుగా, ఏ దీపాల వెలుగూ లేని ఆకాశంలో కనిపించేది. 1826లో ఆస్ట్రేలియాలోని పరమట్టా నుంచి జేమ్స్ డన్‌లప్ ఇది గోళాకార గుచ్ఛమని గుర్తించాడు.

మీరు చూసే ఆ మసక ముద్దలో సుమారు ఒక కోటి నక్షత్రాలున్నాయి. దూరం దాదాపు 17 వేల కాంతి సంవత్సరాలు, వయసు 1,200 కోట్ల ఏళ్ల దరిదాపు. మామూలు గుచ్ఛాల్లో నక్షత్రాలన్నీ దాదాపు ఒకే కాలంలో పుట్టినవి ఉంటాయి. ఇందులో వేర్వేరు కాలాల్లో, వేర్వేరు రసాయన కూర్పుతో పుట్టినవి కలిసి ఉన్నాయి. అందుకే ఇది ఒకప్పటి చిన్న గెలాక్సీ అనీ, దాన్ని మన పాలపుంత లాగేసుకోగా మిగిలిన నడిగుండె ఇదనీ చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. 2024లో హబుల్ టెలిస్కోప్ 20 ఏళ్లకు పైగా తీసిన చిత్రాలు పోల్చి చూస్తే, నడిమధ్యలో 7 నక్షత్రాలు ఆ గుచ్ఛంలో నిలవలేనంత వేగంతో కదులుతున్నట్టు తేలింది. వాటిని పట్టి ఉంచాలంటే అక్కడ కనీసం 8,200 సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం ఉండాలని లెక్కగట్టారు. మీ ఐపీస్‌లో దాని జాడ కనిపించదు, కానీ చట్రం మధ్య చిక్కటి భాగం మీద చూపు పెట్టినప్పుడు అది అక్కడ ఉండొచ్చని తెలిసి చూడటం వేరు.

ఒమెగాను పట్టుకున్న రాత్రే ఇంకొకటి చూడండి. సరిగ్గా దాని పైన నాలుగున్నర డిగ్రీల దూరంలో, ఐయోటాకు, ఒమెగాకు మధ్య మెట్టు మీద సెంటారస్ ఏ అనే గెలాక్సీ ఉంది, ఎన్‌జీసీ 5128. దీన్ని కనిపెట్టింది కూడా డన్‌లప్పే, అదే 1826లో. దాదాపు 7వ మ్యాగ్నిట్యూడ్. బైనాక్యులర్‌లో శుభ్రమైన రాత్రి చిన్న మసక మచ్చగా దొరుకుతుంది. 8 అంగుళాలలో చీకటి చోట దాన్ని అడ్డంగా కోసినట్టున్న నల్లని ధూళి పట్టీ తెలుస్తుంది. 47 టుకానే అనే ఇంకో గొప్ప గుచ్ఛం గురించి మీరు చదివే ఉంటారు. దానికోసం ఇక్కడ వెతికి సమయం పాడు చేసుకోకండి, తిరుపతి నుంచి కూడా దాదాపు 4 డిగ్రీలకు మించి లేవదు. అది బాగా చూడాలంటే భూమధ్యరేఖ దాటడమే మేలు.

ఫోటో గురించి ఒక్క మాట. ఫోన్‌ను ఐపీస్‌కు ఆనించి తీస్తే తెల్లని మచ్చ వస్తుంది, అంతే. డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే 85 లేదా 135 మిల్లీమీటర్ల లెన్స్‌తో స్టాండ్ మీద పెట్టి, 4, 5 సెకన్ల ఫోటోలు చాలా తీసి కంప్యూటర్‌లో కలపండి. గుచ్ఛం, సెంటారస్ ఏ రెండూ ఒకే ఫ్రేములో వస్తాయి. కానీ మొదటి రాత్రి కెమెరా ఇంట్లోనే ఉంచమంటాను.

కొనడం విషయంలో నా సలహా ఇది. ముందు వచ్చే అమావాస్య రోజుల్లో, చిత్త నడి దక్షిణానికి వచ్చిన వేళ, ఉన్న బైనాక్యులర్‌తోనే మెట్లు దిగి చూడండి. ఒక రాత్రి మీ మిద్దె నుంచి, ఇంకో రాత్రి డోన్ దారిలో. రెండు చోట్లా మ్యూ, న్యూ సెంటారి మామూలు కంటికి తెలిశాయో లేదో రాసుకోండి. మిద్దె నుంచి అవి కనిపిస్తే 8 అంగుళాల డాబ్సోనియన్ నిశ్చింతగా కొనుక్కోండి, ఇంటి దగ్గరే పనికొస్తుంది. కనిపించకపోతే కారు వెనక సీటులో పట్టే 5 లేదా 6 అంగుళాలది చూద్దాం, దాన్ని మోసుకుని పోవాల్సి వస్తుంది కాబట్టి. ఏం కనిపించిందో రాయండి, దాన్ని బట్టి ఐపీస్‌ల సంగతి చెప్తాను.